హోటల్ బోర్డు ఎక్కని ఓరుగల్లు వంట

వరంగల్‌లో తినడానికి ఏం దొరుకుతుందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. హనుమకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట మీదుగా కాజీపేట దాకా బోర్డులు చదువుకుంటూ వెళ్తే చాలు. బిర్యానీ, మండీ, టిఫిన్స్, ఆంధ్రా మీల్స్, ఫ్రైడ్ రైస్, షవర్మా, పిజ్జా, ఇరానీ చాయ్, అన్నీ ఉన్నాయి. వరంగల్ వంట ఎక్కడ దొరుకుతుందని అడిగితే మాత్రం ఊరివాళ్లే కాసేపు ఆలోచనలో పడతారు. సర్వపిండి, సకినాలు, మక్క గారెలు, పచ్చిపులుసు, జొన్నరొట్టె, గోలిచ్చిన మాంసం ఈ గడ్డ మీద ప్రతి ఇంటికీ తెలిసిన వంటలు. హైదరాబాద్ తర్వాత తెలంగాణలో పెద్ద నగరం ఇదే అయినా పెద్ద హోటళ్ల మెనూలో వీటికి చోటు దక్కడం అరుదు. మనవాళ్లకు మన తిండంటే చిన్నచూపు కాబట్టే ఇలా అయిందని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ అసలు కారణం పొయ్యి దగ్గరే ఉంది. ఏ వంట హోటల్ ఎక్కాలో, ఏది ఇంట్లోనే ఉండిపోవాలో రుచి ఒక్కటే తేల్చదు. ఆ వంటకు పట్టే సమయం, దాని వెనుక ఉన్న చేతులు, అది ఇంట్లో దొరుకుతుందా లేదా అన్న సంగతి, ఈ మూడూ కలిసి తేలుస్తాయి.

సర్వపిండినే తీసుకుందాం. గిన్నప్ప అన్నా, తపాలచెక్క అన్నా అదే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కరివేపాకు, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి, మరీ గట్టిగానూ కాకుండా మరీ జారుగానూ కాకుండా తడపాలి. గుండ్రటి అడుగున్న గిన్నెకు లోపల నూనె రాసి, పిండి ముద్దను అడుగు నుంచి అంచుల దాకా వేళ్లతో పలచగా అద్దాలి. మధ్య మధ్య వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద ఉంచాలి. అడుగు ఎర్రగా కాలి కరకరలాడాలి, పైభాగం మెత్తగా ఉడకాలి. తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, లోపల పచ్చి మిగులుతుంది. ఇంతా అయ్యాక రెండో వాయికి గిన్నె చల్లారాలి, ఎందుకంటే కాలుతున్న గిన్నెకు చేత్తో పిండి అద్దలేం. అందుకే ఇళ్లల్లో రెండు మూడు గిన్నెలు మార్చి మార్చి వాడతారు, లేదంటే గిన్నెను నీళ్లలో పెట్టి చల్లారుస్తారు. దోసె సంగతి దీనికి పూర్తిగా వేరు. పిండి రాత్రే రుబ్బి పెట్టుకోవచ్చు. పెనం చల్లారకూడదు, వేడిగా ఉంటేనే పని చురుగ్గా సాగుతుంది. పెద్ద పెనం ఉంటే ఒక్క మాస్టరు ఒకేసారి ఆరేడు దోసెలు పోయగలడు. టేబుల్ ఎంత తొందరగా ఖాళీ అయితే హోటల్‌కు అంత లాభం కాబట్టి, ఈ రెండింటిలో హోటలాయన దేన్ని ఎంచుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. సకినాలదీ ఇదే కథ. నానిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, తడి పిండిని వేళ్ల మధ్య సన్నగా మెలిపెడుతూ బట్ట మీద చుట్లు చుట్టాలి. తడి ఆరాకే నూనెలో వెయ్యాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు గనుకనే సంక్రాంతి ముందు వాడకట్టు ఆడవాళ్లంతా ఒకరింటికి ఒకరు సాయం పోతారు. జీతం లేని ఆ సాయాన్ని హోటల్ లెక్కల్లోకి తేవడం కుదరని పని.

రెండో కారణం ఇంతకంటే పాతది. బయట డబ్బు పెట్టి తినే మనిషి ఇంట్లో లేనిది కోరుకుంటాడు. ఓరుగల్లులో అమ్మకపు భోజనానికి సాక్ష్యం వెతికితే క్రీడాభిరామం దాకా వెళ్లాలి. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రసిద్ధమైన ఆ వీధినాటకంలో, కొందరు పండితులు శ్రీనాథుడిదని భావించే ఆ రచనలో, ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. ఒక్క రూక ఇస్తే పూటకూళ్లింట్లో దొరికే భోజనం వివరం అందులో ఉంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కమ్మని నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు అందులోవే. దాదాపు ఆరు వందల ఏళ్ల కిందటే ఈ ఊళ్లో డబ్బిచ్చి కడుపునిండా తినే ఏర్పాటు ఉందని గర్వపడటానికి ఈ సంగతి పనికొస్తుంది. నాకు అందులో ఇంకొకటి ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ విస్తరిలో జొన్న లేదు, సంకటి లేదు, అంబలి లేదు. పల్లెలో కష్టజీవి రోజూ తినేది పూటకూళ్లింటి దాకా రాలేదు. బాటసారి రూక ఇచ్చి కొనుక్కున్నది పండుగ భోజనం. ఈనాటి ఫ్యామిలీ రెస్టారెంట్ నడిచేది కూడా ఆ పద్ధతి మీదే.

అట్లాగని ఈ నగరపు తిండిలో వైవిధ్యం లేదనుకుంటే పొరపాటు. ఇక్కడి తిండి చోట్లను పెంచింది ఊళ్లోవాళ్ల సరదా కన్నా బయటి నుంచి వచ్చినవాళ్ల అవసరం. 1929లో కాజీపేట, బల్లార్షా లైను పూర్తయి మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా రైలు దారి పడ్డాక కాజీపేట పెద్ద జంక్షన్ అయింది. దేశం నలుమూలల నుంచి రైల్వే ఉద్యోగులు అక్కడ చేరారు. 1934లో నిజాం పాలనలో అజంజాహీ మిల్లు వెలిసి, ఈ శతాబ్దం మొదట్లో మూతబడేదాకా షిఫ్టుల మీద బతికిన వేలాదిమందికి పని ఇచ్చింది. షిఫ్టు దిగిన కార్మికుడికి ఏ వేళకైనా చాయ్ కావాలి, చేతిలో పట్టుకు తినేదేదో కావాలి. 1959లో మొదలైన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, సగం సీట్లు ఇతర రాష్ట్రాల పిల్లలకే ఇస్తుంది. బిహార్ పిల్లాడికి పరాఠా, కేరళ పిల్లాడికి పరోటా, ఈశాన్యం పిల్లకు మోమో కావాలి. వెయ్యి పడకల ఎం.జి.ఎం. ఆస్పత్రికి పాత వరంగల్ జిల్లా ఊళ్ల నుంచే కాకుండా గోదావరి అవతలి నుంచి కూడా రోగులు వస్తారు. ఒక్కో రోగి వెంట ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్లు తినేది గేటు బయట బండి మీది ఇడ్లీ, పులిహోర, అరటిపండు. ఇక ఎనుమాముల మార్కెట్. ఆసియాలోనే పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటిగా పేరుపడ్డ ఆ యార్డుకు మిర్చి సీజన్‌లో రైతులు రాత్రికి రాత్రే బస్తాలతో చేరుకుంటారు. తెల్లవారి పాట అయి, కాంటా అయి, డబ్బు చేతికి వచ్చేదాకా వాళ్ల మకాం అక్కడే. ఆ నిద్రలేని రాత్రికి వేడి చాయ్, మిర్చి బజ్జి, పొద్దున్నే అన్నం పెట్టే చిన్న హోటళ్లు మార్కెట్‌నే నమ్ముకుని బతుకుతున్నాయి. ఈ నగరంలో ఎవరెవరు పని మీద వస్తారో తెలిస్తే, ఏ వీధిలో ఏం తింటారో సగం తెలిసినట్టే.

ఆ మిర్చి గురించి ఒక మాట చెప్పాలి. తేజ, వండర్ హాట్ రకాల పక్కనే వరంగల్ ప్రాంతపు చపాటా మిర్చి ఉంటుంది. టమాటా మిర్చి అని కూడా అంటారు. కాయ బొద్దుగా, ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం తక్కువ. కూరకు, పచ్చడికి రంగు పట్టించడంలో దాన్ని మించింది లేదు. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలంగాణ కూర అంటే నోరు మండిపోయే కారమేనని అనుకునేవాళ్లు ఈ ఒక్క కాయను చూసైనా ఆ అభిప్రాయం మార్చుకోవాలి. ఇక్కడి వంటలో ఎరుపు వేరు, కారం వేరు. రెండింటి పాళ్లూ చూసుకుని మిర్చి ఎంచుకోవడం ఇక్కడి ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉంది.

చిన్నచూపు మాటకు తిరిగి వస్తాను, ఎందుకంటే దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. ఉడిపి హోటల్ వచ్చి ఇడ్లీ, దోసెలను పొద్దుటి తిండిగా స్థిరపరిచింది. అంతకుముందు పల్లెల్లో పొద్దున్నే తినేది సద్దన్నం, గట్క, రాత్రి మిగిలిన రొట్టె. భోజన హోటల్ అంటే ఆంధ్రా మీల్స్ అని పేరు పడిపోయింది. నిజాం కాలపు అలవాట్లు ఇరానీ చాయ్‌ని, బిర్యానీని ఇచ్చాయి. ఇవన్నీ మంచి తిండ్లే, ఎవరి వంటనూ తప్పుపట్టాల్సిన పనిలేదు. అయితే ఏ హోటల్‌లోనూ తన వంట కనిపించని మనిషికి తన వంట నలుగురిలో పెట్టదగింది కాదేమో అన్న అనుమానం కలుగుతుంది. తెలంగాణ ఉద్యమం ఆ అనుమానాన్ని పోగొట్టింది. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, బంతులు కూర్చుని తిన్న వంటా వార్పు కార్యక్రమాలు నిరసన రూపంగా అన్ని జిల్లాల్లో జరిగాయి. 2014లో రాష్ట్రం వచ్చాక తెలంగాణ వంటలు అని బోర్డు పెట్టుకోవడానికి హోటళ్లు ముందుకొచ్చాయి. గౌరవం తిరిగి వచ్చినా ఆ బోర్డుల కింద ఎక్కువగా దొరికేది నాటుకోడి, మటన్, బోటి, తలకాయ కూరలే. సర్వపిండి అప్పటికీ వెనకబడే ఉంది. చిన్నచూపు ఒక్కటే కారణమైతే 2014 తర్వాత అది కూడా బోర్డు మీదికి రావాలి. మాంసం కూర ఒక్కసారి వండి పెడితే వందమందికి వడ్డించవచ్చు. గిన్నప్పను ఎవరికి వారికి కాల్చాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. వరంగల్‌కు సొంత హోటల్ సంస్కృతి ఎక్కడిది, అంతా హైదరాబాద్ నకలే కదా అని. బోర్డుల వరకు ఇది నిజమే. మండీనే చూడండి. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంట అది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు స్థిరపడ్డ బార్కస్ నుంచి హైదరాబాద్ అంతా పాకి, అక్కడి నుంచి మనదాకా వచ్చింది. రంజాన్ నెలలో వరంగల్ మండీ బజార్‌లో ఉడికే హలీమ్ కూడా అరబ్బుల హరీస్‌కు దగ్గరి చుట్టమే. 2010లో హైదరాబాద్ హలీమ్ భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. అయితే ఒక ఊరి తిండికి విలువ కట్టాల్సింది అది ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరు ఎవరితో కలిసి తింటున్నారని. రంజాన్ సాయంత్రాల్లో హలీమ్ కోసం నిలబడే వరుసలో ఉపవాసం ఉన్నవాళ్లు, లేనివాళ్లు పక్కపక్కనే ఉంటారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని మండీ తినే పద్ధతి ఎంగిలి పట్టింపు ఎక్కువగా ఉన్న మన సమాజంలోకి వచ్చి, కుర్రకారుకు ఇంత సులువుగా నచ్చడం చిన్న మార్పు కాదు. మండీని తిట్టి సర్వపిండిని కాపాడుకోలేం. రెండింటికీ పోటీయే లేదు. ఒకటి సెలవునాటి విందు, ఇంకొకటి సాయంత్రం ఆకలికి చిరుతిండి.

నిజానికి సర్వపిండి, జొన్నరొట్టెల రోజులు ఇప్పుడే మొదలయ్యాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక, కాలువల కింద వరి పెరిగాక, జొన్న పేదవాడి పళ్లెం నుంచి కూడా పక్కకు తప్పుకుంది. ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లు రాత్రిపూట అన్నం మానేసి రొట్టెకు మళ్లడంతో అదే జొన్న తిరిగి వచ్చింది. ఇంట్లో రొట్టె తట్టడం రాదు, వచ్చినా తీరిక లేదు. సాయంత్రమయ్యేసరికి రోడ్డు పక్క పొయ్యి పెట్టుకుని, వేడినీళ్లతో పిండి పిసికి, పీట మీద అరచేత్తో తడుతూ రొట్టెలు కాల్చే ఆడవాళ్లు నగరంలో పెరిగింది అందుకే. కర్రీ పాయింట్లలో పచ్చిపులుసు ప్యాకెట్లు అమ్ముడవుతున్నాయి. స్వగృహ దుకాణాల్లో సకినాలు సంక్రాంతి కోసం ఎదురుచూడకుండా ఏడాది పొడవునా కిలోల లెక్కన దొరుకుతున్నాయి, అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లోకి చేరుతున్నాయి. పూటకూళ్లింటి నాటి సూత్రమే పనిచేస్తోంది, కానీ తలకిందులైంది. ఇంట్లో లేనిదాన్నే మనిషి బయట కొంటాడు. ఒకప్పుడు ఇంట్లో లేనిది నెయ్యి, గోధుమ. ఇప్పుడు ఇంట్లో లేనిది జొన్నరొట్టె. చెయ్యి పని ఎక్కువ, పెట్టుబడి తక్కువ కాబట్టి దీన్ని పెద్ద హోటల్ పట్టుకోలేదు, ఒంటరి ఆడమనిషి పట్టుకుంది. ఓరుగల్లు సొంత వంట ఈనాడు బతికున్నది ఫుట్‌పాత్ మీద, కర్రీ పాయింట్ వెనక గదిలో, సకినాలు చుట్టే మహిళల చేతుల్లో. పైసలతో పనిలేకుండా బతికున్న చోటు ఇంకొకటుంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మను సాగనంపాక మలీద, నువ్వుల సద్ది, పెరుగన్నం, పులిహోర ఒకరికొకరు పంచుకుంటారు. ఏ రెస్టారెంట్ సమీక్షలోనూ రాని ఈ విందును పక్కనపెట్టి నగరపు తిండి గురించి మాట్లాడితే అది అరకొర మాటే.

రోడ్డు పక్క తిండిని ఇంతగా వెనకేసుకొస్తే శుభ్రత సంగతేమిటని అడగడం సబబే. దుమ్ము, ఈగలు, ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసే పళ్లేలు, మళ్లీ మళ్లీ కాగే నూనె, ఇవన్నీ ఉన్నమాట వాస్తవం. వీటిని పేదరికం పేరుతో మాఫీ చేయకూడదు. తినేది కూడా పేదవాడే, వాంతులైతే కూలి పోయేది కూడా అతనికే. కానీ ప్రమాదమంతా బండి మీదే ఉందనుకోవడం తప్పు. 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినప్పుడు ఆ ఉత్తర్వు బండ్లకే కాదు, హోటళ్లకూ వర్తించింది. మన కళ్లముందే నిప్పు మీద కాలి, నేరుగా చేతికి వచ్చే జొన్నరొట్టెలో రోగం చేరడానికి సందు తక్కువ. ఫ్రిజ్‌లో రోజుల తరబడి మగ్గిన మాంసంలో ఎక్కువ. అందువల్ల అడగాల్సిన ప్రశ్న బండి ఉండాలా వద్దా అన్నది కాదు. ఆ బండికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, మురుగు ఎక్కడికి పోతోంది అన్నవి. సింగపూర్ ఈ ప్రశ్నలే వేసుకుంది. వీధుల్లో అమ్మేవాళ్లను తరిమేయకుండా 1970లలో నల్లా, కాలువ, కప్పు ఉన్న హాకర్ సెంటర్లలోకి చేర్చింది. 2020లో ఆ హాకర్ సంస్కృతికే యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది. అంత దూరం ఎందుకు, అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువు దగ్గరి తిండి దుకాణాలను 2018లో జాతీయ ఆహార భద్రతా సంస్థ దేశంలో మొదటి శుభ్రమైన వీధి ఆహార కేంద్రంగా ప్రకటించింది. చెరువులకు, గట్లకు పేరుపడ్డ వరంగల్‌లో అలాంటి చోటు దొరకదా?

మరో అభ్యంతరం రుచిని ప్రేమించేవాళ్ల నుంచి వస్తుంది. అమ్మకానికి పెడితే ఇంటి వంట చెడుతుందని, సకినాల్లో నువ్వులు తగ్గుతాయని, సర్వపిండిని గిన్నెలో కాకుండా పెనం మీద కాల్చి అదే పేరుతో అంటగడతారని వాళ్ల భయం. ఈ భయాన్ని కొట్టిపారేయలేను. పెనం మీద కాల్చినదానికి గిన్నె అడుగున పట్టే ఆ కరకర రానే రాదు. కానీ రెండో దారి ఏముంది? ఇంట్లో పిండి అద్దే చెయ్యి ముసలిదైపోతోంది. నేర్చుకునే చెయ్యి ఉద్యోగానికి పోతోంది, పోవాలి కూడా. ఆడవాళ్ల జీతం లేని చాకిరీ మీద నిలిచిన రుచిని అలాగే నిలబెట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ పనికి కూలి గిట్టితేనే ఆ వంట ఉంటుంది. కాబట్టి మంచి సర్వపిండికి దోసె కన్నా ఎక్కువ ధర చెల్లించడానికి మనం సిద్ధపడాలి. రోడ్డు పక్కది కదా అని బేరమాడి, మండీ బిల్లు మీద టిప్పు వదిలేసి వచ్చే మన అలవాటే ఆ రుచిని ముందుగా చంపుతుంది.

గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థను అడగాల్సింది కొంచెమే. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ మొదట లేచిపోయేది ఈ పొయ్యిలే. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తిచేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు కావాలి. జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్లను ఆ కమిటీలో కూర్చోబెట్టాలి. ఎం.జి.ఎం. గేటు దగ్గర, ఎనుమాముల యార్డు బయట, హనుమకొండ బస్టాండు పక్కన నల్లా, మురుగు కాలువ, వీధి దీపం ఉన్న చోటు చూపించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టాన్ని అమలు చేస్తే సరిపోతుంది.